పన్నెండేళ్ల పిల్లకు అయిదు వాట్ల రేడియో: కమ్యూనికేషన్ల సహాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. నేను మీ నియోజకవర్గంలోని తెనాలిలో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరాన ఉన్నవారితో మాట్లాడే అమెచ్యూర్ రేడియో, నా వ్యాపకం; ఆ పని చేసేవారిని హ్యాములంటారు. మీది బుర్రిపాలెం, మాది తెనాలి కాబట్టి కాస్త చొరవ తీసుకుని తెలుగులోనే రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. మన చిన్న ఊళ్ల పిల్లలు అమెచ్యూర్ రేడియో పరీక్షను తమ జిల్లాలో, తమ భాషలో రాసి, లైసెన్సు తీసుకుని, తక్కువ శక్తి గల సొంత సెట్లతో మాట్లాడుకునే ఏర్పాటు చేయండి.

ఇందుకు చట్టంలో పెద్ద అడ్డంకేమీ లేదు. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయవచ్చని 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనలే చెబుతున్నాయి. ఎలక్ట్రానిక్స్ ప్రాథమిక సూత్రాలు, రేడియో నియమాలు కలిపి పరీక్ష ఉంటుంది. తొలి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్, అంటే చుక్కలు, గీతల సంకేత భాష, అక్కర్లేదు. నెగ్గినవారికి, రేడియోలో వారిని గుర్తించే పేరుగా, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ పంపాలి, అందుకోవాలి; అప్పుడు వీయూ2 వస్తుంది. మోర్స్‌ను తీసేయమని నేను అడగడం లేదు. మొదటి మెట్టుకు అది అవసరం లేదు కనుక ఆ చర్చ మరోసారి పెట్టుకోవచ్చు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు నేర్చుకోలేనంత కష్టమైన పాఠాలు రిస్ట్రిక్టెడ్ పరీక్షలో లేవని నా బోధనానుభవంతో చెబుతున్నాను. ఓమ్ సూత్రం, డయోడు, ట్రాన్సిస్టరు, తరంగదైర్ఘ్యం, యాంటెన్నా, కాల్‌సైన్ చెప్పే పద్ధతి, చేయకూడని పనులు: ఇంతే.

మరి మన ఊళ్లలో ఆ పిల్లలెందుకు కనిపించరు? పరీక్ష రాయాలంటే కేంద్రమున్న నగరానికి వెళ్లాలి. ఆడపిల్లయితే తోడుగా తండ్రి కూలో జీతమో వదులుకుని రావాలి. ప్రశ్నపత్రం తనకు పట్టుబడని భాషలో ఉంటుంది. కెపాసిటర్ ఏం చేస్తుందో తెలుగులో చక్కగా చెప్పగలిగిన పిల్ల, అదే విషయాన్ని ఇంగ్లీషులో మెలికలు తిప్పి అడిగితే తడబడుతుంది. తీరా నెగ్గాక లైసెన్సు ఎప్పుడు చేతికొస్తుందో ముందుగా చెప్పగలిగేవారు ఉండరు. ఆ వయసులో ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుందో వైద్యులైన మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయిదు వాట్లనే ఎందుకు పట్టుకున్నానో వివరిస్తాను. మోర్స్‌లో అయిదు వాట్లు, మాటల్లో గరిష్ఠంగా పది వాట్లు మించకుండా ప్రసారం చేయడాన్ని ప్రపంచవ్యాప్తంగా హ్యాములు క్యూఆర్‌పీ అంటారు. ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు కూడా ఇంచుమించు అంత కరెంటే తీసుకుంటుంది. దాంతో దేశాలు దాటి మాట్లాడవచ్చంటే చాలామంది నమ్మరు. లెక్క చూస్తే ఇందులో మాయ లేదు. వంద వాట్లను అయిదుకు తగ్గిస్తే సిగ్నల్ తగ్గేది 13 డెసిబెల్స్. అవతలివారి రిసీవరులో సిగ్నల్ బలాన్ని చూపే మీటరు మీద అది రెండు మెట్ల పైచిలుకు. బ్యాండు, అంటే మనం వాడే పౌనఃపున్యాల శ్రేణి, రొద లేకుండా ప్రశాంతంగా ఉన్న వేళ ఆ మాత్రం తేడాతో మాట ఆగిపోదు. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ మన తరంగాన్ని వంచి తిరిగి నేలకు పంపుతుంది. పగటిపూట ఏడు మెగాహెర్ట్జ్ మీద పొరుగు రాష్ట్రాలు పలుకుతాయి. సాయంత్రం పద్నాలుగు మెగాహెర్ట్జ్ తెరుచుకుంటే యూరప్ వినిపిస్తుంది. ఏడు మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు కావలసినది సుమారు ఇరవై మీటర్ల రాగి తీగ, దాన్ని కట్టడానికి రెండు కొబ్బరి చెట్లు. సెట్టుకు పన్నెండు వోల్టుల స్కూటరు బ్యాటరీ సరిపోతుంది. తరంగదైర్ఘ్యాన్ని నేను బోర్డు మీద గీసి చూపేవాణ్ని. తీగ పొడవు జానెడు తగ్గించగానే అనునాద పౌనఃపున్యం మారడాన్ని పిల్ల తన చేత్తో చేసి చూసిందంటే ఇక ఆ పాఠాన్ని మరచిపోదు.

ఆ సెట్టును విదేశాల నుంచి తెప్పించుకోనక్కర్లేదని నిరూపించింది కూడా మన హైదరాబాదే. అశర్ ఫర్హాన్ రూపొందించిన, పంపడం, అందుకోవడం రెండూ చేసే బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే భాగాలతోనే తయారవుతుంది. తీగ చుట్టే అయస్కాంత వలయాలు (టొరాయిడ్లు) దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద తీగ చుట్టి కాయిళ్లు చేసుకునే పద్ధతిని కూడా ఆయన చూపారు. దాని శక్తి అటూ ఇటుగా ఆరు వాట్లు. ఆ డిజైను చూసి ఎన్నో దేశాల హ్యాములు సెట్లు కట్టుకున్నారు. అది పుట్టిన తెలుగునేల మీద, జిల్లా పరిషత్ పాఠశాలలో చదివే పిల్ల మాత్రం దాని పేరు కూడా వినలేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

ఇది కొందరి సరదా, ప్రభుత్వానికేం పని అనేవారుంటారు. మన తీరాన్నే చూడండి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు తీగలు తెగి, స్తంభాలు కూలి, అక్కడ జరిగిన ఘోరం బయటివారికి వెంటనే తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక చేతిలో ఫోన్లున్నా నగరం మూగబోయింది. సెల్ టవరుకు కరెంటు కావాలి, కేబుల్ కావాలి, మరో టవరు కావాలి. హ్యాముకు బ్యాటరీ, తీగ చాలు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచ హ్యాములతో మాట్లాడుతోంది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. వ్యాపకం కోసం తీసుకెళ్లిన సెట్లతోనే ఆ బృందం ద్వీపాల క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. రేడియో నడపడం ముందే చేతికి అలవాటైనవారు అక్కడ ఉండబట్టే అది సాధ్యమైంది. తుపాను హెచ్చరిక వచ్చాక పరికరాలు పంపవచ్చు గానీ, వాటిని నడిపే మనిషిని అప్పటికప్పుడు తయారు చేయలేము. నిజాంపట్నంలో, సూర్యలంకలో, నాగాయలంకలో నలుగురేసి హ్యాములుంటే ఎంత ధైర్యం!

భద్రత గురించి మీ అధికారులకున్న ఆందోళనను నేను తేలికగా తీసుకోను. వైర్‌లెస్ సెట్లు దుర్మార్గుల చేతికీ చిక్కుతాయి. అనుమతి లేని వాకీటాకీలను ఆన్‌లైన్‌లో అమ్మకుండా 2025 మే నెలలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది, అవి సరైనవే. కానీ లైసెన్సున్న హ్యాము దాక్కునే మనిషి కాదు. కాల్‌సైన్ చెప్పాలి, రహస్య సంకేతాలు వాడకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు. అతని పేరూ చిరునామా మీ శాఖ దగ్గరే ఉంటాయి. పిల్లలకు సక్రమమైన దారి సులువుగా ఉంటే దొంగసెట్ల జోలికి పోరు.

ప్రశ్నలతో సాధన చేయించి లక్షల మందిని పరీక్షలకు సిద్ధం చేసే సంస్థను మీరు అమెరికాలో నిర్మించారు. అందుకే ఈ మాట మీతోనే అంటున్నాను. అక్కడి హ్యామ్ పరీక్షలో అడగబోయే ప్రశ్నల నిధి మొత్తాన్నీ ముందే అందరికీ అందుబాటులో ఉంచుతారు. తొలి స్థాయిలో అందులోంచి 35 ప్రశ్నలు ఇస్తారు, 26 సరిగ్గా రాస్తే నెగ్గినట్టు. పరీక్ష పెట్టేవారు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన హ్యాములే. ఏడు లక్షలకు పైగా హ్యాములు ఆ దేశంలో ఉండటానికి ఈ తేలికైన ప్రవేశం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. 1885, 1933 నాటి పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని కింద నియమాలను కొత్తగా రాస్తున్న ఈ రోజుల్లోనే అలాంటి ప్రశ్నల నిధిని మన దగ్గరా ప్రకటించి, తెలుగు సహా భారతీయ భాషల్లో పరీక్ష రాసే హక్కు ఇవ్వండి. పరీక్షకు కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. జిల్లాల్లో బీఎస్‌ఎన్‌ఎల్ కార్యాలయాలున్నాయి, అవి మీ శాఖవే. ఏటా పరీక్ష తేదీలను ముందే ప్రకటించండి. నెగ్గిన పిల్లకు ఇన్ని రోజుల్లో లైసెన్సు ఇస్తామని రాతపూర్వకంగా గడువు పెట్టండి. పూర్తి విచారణకు ఎక్కువ సమయం పట్టేట్టయితే, అంతవరకు అయిదు వాట్లకు పరిమితమైన తాత్కాలిక అనుమతి ఇచ్చి, పాఠశాల స్టేషనులో ఉపాధ్యాయుని పర్యవేక్షణలో మాట్లాడనివ్వండి.

పాఠశాలల్లో పిల్లలు పరికరాలు తయారుచేస్తూ నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడుతున్నారు. వాటిలో 3డీ ప్రింటరు పక్కన ఒక రేడియో బల్ల కూడా వేయించండి. 2025 జూలైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి మన విద్యార్థులతో హ్యామ్ రేడియోలో ముచ్చటించారు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం ఏళ్ల తరబడి ప్రపంచ హ్యాములకు సేవ చేసింది. అంతరిక్షం దాకా వెళ్లిన ఈ వ్యాపకం పొన్నూరు బడి దాకా రావడానికి కావలసింది మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు.

పాఠ్యప్రణాళికను, ప్రశ్నల నిధిని తెలుగులోకి తేవడానికి ఖర్చవుతుందని ఎవరైనా అంటే, ఆ పని పైసా తీసుకోకుండా చేసిపెడతాను. నాలాంటి తెలుగు హ్యాములు కలిసివస్తారన్న నమ్మకం నాకుంది. అచ్చుకు వెళ్లేముందు మీ నిపుణులు ప్రతి వాక్యాన్నీ సరిచూసుకోవచ్చు. గుంటూరులో మీ కార్యాలయానికి ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హ్యామ్
తెనాలి