చంద్రగిరి మామ, చెన్నపట్నం కోట

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చెంగా,

నీకు ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో ఎవరో పిలుస్తారు, పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. పైగా ఇది రెండు నిమిషాల్లో అయ్యే సంగతి కాదు, మా మామ సంగతి.

మద్రాసుకు పోయి వచ్చాం. ఇందులో ఏముంది అంటావు కదా, అదే చెప్తున్నా. మన తిరుపతి వాళ్ళకు మద్రాసంటే టీ నగర్‌లో పెళ్ళి చీరలు, పెద్దాసుపత్రి, వీసా ఇంటర్వ్యూ, ఎయిర్‌పోర్టు. పని చూసుకుని సాయంత్రానికి బండెక్కేయడమే. ఆ ఊరిని ఊరుగా మనలో ఎవడు చూశాడు? ఈసారి మామ కంటి చెకప్‌కు పోయాం. రైలు తిరుత్తణి దాటుతుంటే కొండకు దండం పెట్టి నీ పేరు తలుచుకున్నా, నీ సామి కదా. చెకప్ ఒక్క రోజులో తేలిపోయింది, మర్నాడు పొద్దున ఖాళీ. పెరంబూరులో సుజాత మేనత్త ఇంట్లో దిగాం. ఆమె కొడుకు ఫోన్‌లో వెతికి సగం రోజు సిటీ టూర్ బుక్ చేశాడు. ఒక వ్యాను, పది మంది జనం, ఒక గైడు.

మామ ఎవరో నీకు తెలుసు కదా. చంద్రగిరిలో పుట్టి, చంద్రగిరిలోనే సోషల్ మాస్టారుగా రిటైరైన మనిషి. "నాకు చరిత్ర చెప్పడానికి ఇంకొకరా?" అని ముఖం ముడుచుకునే వ్యాను ఎక్కాడు. వ్యాను సంగతి అడక్కు. సీట్ల మధ్య మోకాళ్ళకు చోటు లేదు, ఏసీ పేరుకే. గైడ్ మాత్రం బంగారం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. ఇంగ్లీషులో మొదలుపెట్టింది, మేము మాట్లాడుకునేది విని "మీరు తిరుపతా అంకుల్?" అని తెలుగులోకి దిగిపోయింది. వాళ్ళది జార్జ్‌టౌన్, ఇంట్లో తెలుగు, బడిలో అరవం. మిగతా వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ మా వైపు తిరిగి మాకు విడిగా చెప్పేది.

ముందుగా ట్రిప్లికేన్ పార్థసారథి గుడి. పల్లవుల కాలం నుంచీ ఉన్న గుడి, దంతివర్మ శాసనం కూడా ఉంది. లోపల మూలవిరాట్టు పేరు వేంకటకృష్ణుడు. మీసాలతో ఉంటాడురా, కృష్ణుడికి మీసాలు! ఉత్సవమూర్తి ముఖం మీద మచ్చలుంటాయి. సారథిగా ఉన్నప్పుడు తగిలిన భీష్ముడి బాణాల గుర్తులంటారు. సుమతి అనే రాజు తిరుమల వేంకటేశ్వరుణ్ణి కృష్ణుడిగా చూపించమని వేడుకుంటే ఇక్కడ అలా కనిపించాడని స్థలపురాణం. మామ ముఖం అక్కడే కొంచెం విప్పారింది. "చూశావా, ఇక్కడికీ మనోడే వచ్చాడు" అన్నాడు. బయటికొచ్చి సాంబారులో మునిగిన ఇడ్లీలు తిని కోటకు బయలుదేరాం.

అసలు కథ కోటలోనే. సెయింట్ జార్జి కోట అంటే ఇప్పుడు సెక్రటేరియట్, అసెంబ్లీ కూడా అందులోనే. గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఐడీ కార్డు పెట్టుకుని పోవాలి. లోపల ఒక చెట్టు నీడన మమ్మల్నందరినీ నిలబెట్టి ఆ అమ్మాయి మొదలుపెట్టింది. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఈ ఇసుక నేల ఎంచుకున్నాడు. ఇక్కడ నూలు బట్ట చవగ్గా దొరుకుతుంది, అదీ అసలు కారణం. ఇంకో కారణం గొంతు తగ్గించి చెప్పింది. శాంథోమ్‌లో ఉన్న ఒకావిడకు దగ్గరగా ఉండాలని ఈ చోటు పట్టుబట్టాడని పాత పుకారట. ఇది ఇంగ్లీషులో చెప్పలేదు, మాకు మాత్రమే చెప్పింది!

సరిగ్గా అప్పుడు మామ గొంతు సవరించుకున్నాడు. "ఆ స్థలం రాసిచ్చింది మా చంద్రగిరి రాజమహల్లో" అన్నాడు. మన ఊళ్ళో అందరం చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా. ఆరో తరగతిలో పిక్నిక్ పోయినప్పుడు మన సారు కూడా ఆ మేడ చూపించి అదే చెప్పాడు. ఆ అమ్మాయి ఏమాత్రం తడబడలేదు. "చంద్రగిరి రాజు పేరు ఉంది అంకుల్, కానీ మొదట కాగితం ఇచ్చింది ఆయన కింద ఉండే దామెర్ల వెంకటాద్రి నాయకుడు" అంది. వెంకటాద్రి వందవాసి నాయకుడు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండి ఈ బేరంలో చెయ్యి వేశాడు. వాళ్ళ నాన్న చెన్నప్ప పేరు మీద కోట పక్క ఊరు చెన్నపట్నం అయింది. దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాడు, బేరి తిమ్మప్ప. అంటే ఇచ్చేవాళ్ళు తెలుగు, మధ్యలో మాట కలిపినవాడు తెలుగు, పుచ్చుకున్నవాడు ఒక్కడే దొర. అప్పటికి పైన రాజు పెద వేంకటరాయలు. తళ్ళికోట తర్వాత విజయనగరం వాళ్ళు పెనుకొండ, చంద్రగిరి, వేలూరు అని జరుగుతూ వచ్చారు కదా, ఆ చివరి రోజులు. తర్వాత 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి ఆ హక్కు ఖాయం చేశాడు.

మామ ఒప్పుకుంటాడా? "నాయకుడు సంతకం పెడితే ఏమి, నేల రాజుది కాదా? తహసీల్దారు పట్టా ఇస్తే అది గవర్నమెంటు ఇచ్చినట్టే కదా!" అన్నాడు. పక్కనున్న బెంగాలీ దంపతులకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వుతున్నారు. ఆ అమ్మాయి కూడా నవ్వేసి, "సరే అంకుల్, పట్టా మీదే" అంది. ఇక ఆ పూటంతా మామ ఆమె వెనకే.

నాకు బాగా నచ్చిన మాట మాత్రం తర్వాత మామే చెప్పాడు. ఫ్రాన్సిస్ డే ఈ ఊరికి రాకముందు ఎక్కడ ఉన్నాడనుకున్నావు? ఆర్మగాన్‌లో. అంటే మన దుగరాజపట్నం! వాకాడు దగ్గర, ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 1626లోనే కంపెనీ వాళ్ళు అక్కడ గిడ్డంగి పెట్టారు. గూడూరు వాళ్ళు మన జిల్లాలో కలిశాక మనకు సముద్రం వచ్చిందని సంబరపడ్డాం కానీ, మద్రాసును కనిపెట్టినవాడు మన జిల్లా నుంచే పోయాడని ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయికి కూడా ఆర్మగాన్ పేరు తెలుసు కానీ అది ఇప్పుడు ఏ జిల్లానో తెలియదు. వెంటనే ఫోన్‌లో రాసుకుంది. ఇక మామ నడక చూడాలి నువ్వు, స్కూల్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన డీఈఓ లెక్క!

కోటలో సెయింట్ మేరీ చర్చి ఉంది, 1680లో ప్రారంభమైంది. మన దేశంలో ఇంగ్లీషు వాళ్ళ చర్చిల్లో ఇదే పాతది. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇందులోనే జరిగింది. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఎలిహు యేల్ పెళ్ళీ ఇక్కడే. ఆయన ఈ కోటకు గవర్నరుగా కూడా చేశాడు. చర్చి పైకప్పు చూడు, దూలాలు లేవు. ఫిరంగి గుండు పడినా తట్టుకునేట్టు మందంగా వంపు తిప్పి కట్టారు. మామ తల పైకెత్తి చాలాసేపు చూసి, "మా రాజమహల్లోనూ కర్ర లేదు, రాయి, ఇటుక, సున్నమే" అన్నాడు. అది మాత్రం నిజమేరా, నువ్వూ చూశావు కదా.

చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్ళు పరిచి ఉన్నాయి, వాటి మీదే నడవాలి. నాకు కాలు ఆడలేదు. ఆ రాళ్ళు మొదట ఊరి బయట ఇంగ్లీషు శ్మశానంలో ఉండేవి. 1758-59లో ఫ్రెంచి వాళ్ళు కోటను ముట్టడించినప్పుడు ఆ గోరీలనే చాటు చేసుకుని కాల్పులు జరిపారు. గండం గడిచాక ఇంగ్లీషు వాళ్ళు గోరీలు కూల్చి, రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచేశారు. అంతకు ముందు 1746లో ఫ్రెంచి వాళ్ళు కోటను పట్టేసుకున్నారు కూడా, మూడేళ్ళ తర్వాత ఒప్పందంలో తిరిగి ఇచ్చారు. ఆ గొడవలో తప్పించుకుని కడలూరు వైపు పారిపోయిన కుర్ర గుమాస్తాల్లో క్లైవ్ ఒకడు. వాణ్ణి అప్పుడే సరిగ్గా పట్టుకుని ఉంటే ఏమయ్యేదో అని మామ నిట్టూర్పు.

మ్యూజియం పరుగు మీద చూశాం, ఎందుకంటే వ్యానులో ఒక కుటుంబం పొద్దున్నే ముప్పావు గంట ఆలస్యం చేసింది. నాణేలు, కత్తులు, పెద్ద పెద్ద ఆయిల్ పెయింటింగులు ఉన్నాయి. ఒక్క దాని దగ్గర మాత్రం అందరం ఆగాం. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండా, అద్దాల్లో పెట్టి ఉంచారు. నువ్వు పోతే శుక్రవారం పోవద్దు, మ్యూజియం సెలవు.

హైకోర్టు, పారిస్ కార్నర్ వ్యానులోంచే. అదేమీ తక్కువ సంగతి కాదు కానీ ఆ ట్రాఫిక్‌లో చూడటం అయ్యే పని కాదు. చెన్నపట్నం అనే పాత ఊరు మొదట కోట గోడకు ఆనుకుని ఉండేదట, అంటే ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట. ఫ్రెంచి వాళ్ళ దెబ్బ తిన్నాక, శత్రువుకు చాటు దొరక్కూడదని ఇళ్ళూ గుళ్ళూ పడగొట్టి అంత మేరా మైదానం చేశారు. చెన్నకేశవుడి గుడి కూడా పోయింది, తర్వాత జార్జ్‌టౌన్‌లో మళ్ళీ కట్టారు. "మా ఇల్లు ఆ గుడికి రెండు వీధుల అవతల" అంది ఆ అమ్మాయి.

తర్వాత మెరీనా. మెరీనా మనకు తెలీదా అనుకున్నా. కానీ ఇంత ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వెప్పుడైనా ఆలోచించావా? కోట కట్టిన రోజుల్లో అలలు దాదాపు గోడ దాకా వచ్చేవి. ఓడలు నిలిచేందుకు రేవు లేదు. ఓడ దూరంగా లంగరేసి ఉంటే, కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషులనూ సరుకునూ ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. తర్వాత పందొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు సముద్రంలోకి కట్టారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. గోడ అడ్డం పడేసరికి దక్షిణం వైపు పేరుకుని మెరీనా ఇంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. ఒకరికి బీచి, ఇంకొకరికి ఇల్లు కూలడం. ఆ అమ్మాయి ఇది చెప్పేటప్పుడు కొంచెం కోపంగానే చెప్పింది, వాళ్ళ బంధువులు రాయపురంలో ఉన్నారట.

బీచికి ఎదురుగా గుండ్రటి బిల్డింగు ఒకటి ఉంటుందే, వివేకానంద ఇల్లం. దాన్ని ఐస్ హౌస్ అని ఎందుకంటారో తెలుసా? 1842లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి ఐసు దాచడానికి కట్టించాడు. బోస్టన్ వైపు చెరువులు చలికాలం గడ్డకడితే ఆ గడ్డలు కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడల్లో నెలల తరబడి తెచ్చి ఇక్కడ అమ్మేవాడు! మన దగ్గరే ఐసు తయారు చేయడం వచ్చాక వ్యాపారం మూతపడింది. 1897లో వివేకానందుడు ఆ ఇంట్లో కొన్ని రోజులు ఉన్నాడు. ఒకే ఇంట్లో ఐసు గడ్డలు, వివేకానందుడు. ఇలాంటివి నాకు తెగ నచ్చుతాయి.

శాంథోమ్ చర్చితో టూర్ ముగిసింది. వ్యాను అక్కడే దింపేసింది. మేము ఆటో మాట్లాడుకుంటుంటే మామ, "మైలాపూరు పక్కనే కదా, ఇంకొక చోటు చూడాలి" అన్నాడు. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇల్లు, ఇప్పుడు స్మారకం. టూర్‌లో అది లేదు. బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58 రోజులు ఉండి, డిసెంబరు 15న పోయాడు ఆ మహానుభావుడు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు. మద్రాసు మాత్రం రాలేదు. మామ అక్కడ ఏమీ వాదించలేదు. బయటికొచ్చాక చెప్పాడు, ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న 'మద్రాసు మనదే' అని ఊరేగింపుల్లో తిరిగాడట. మనం మద్రాసు మనదే అంటే, అవతల వాళ్ళు తిరుపతి మాదే అన్నారు. చివరికి 1960లో తిరుత్తణి అటు పోయింది. నీ సామి అరవ రాష్ట్రంలో ఉండటానికి కారణం అదీ! అయినా ఆడికృత్తికకు మన చిత్తూరు వాళ్ళు కావళ్ళు మోయడం మానారా?

నన్నడిగితే ఇలాంటి టూర్ సగం రోజే ఉండాలి. ఎక్కువైతే తల నొప్పి. కానీ గైడ్ మంచివాడైతేనే. లేకపోతే కాగితం చదివినట్టు సంవత్సరాలు అప్పజెప్పి ఫోటో తీసుకోమంటారు. ఈ అమ్మాయి తనకు తెలియనిది మామను అడిగింది, మామ తనకు తెలియనిది ఆ అమ్మాయిని అడిగాడు. ఆయన ఎవరినైనా ఏమైనా అడగడం సుజాత కూడా ఇప్పటిదాకా చూడలేదట.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి వచ్చే నెల వాళ్ళ ఇంట్లో వాళ్ళతో దర్శనానికి వస్తోంది. మామ అప్పుడే ఫోన్ నంబరు తీసుకుని, రాజమహల్ తనే చూపిస్తానని మాటిచ్చాడు. సంక్రాంతికి నువ్వు వస్తే మనం దుగరాజపట్నం పోదాం. కారు నాది, పెట్రోలు నీది. మామ ఎలాగూ వస్తాడు, ముందు సీటు ఆయనది, దానికి నువ్వు గొడవ పెట్టొద్దు. పద్మకు, పిల్లలకు అడిగానని చెప్పు. సెలవు దొరికిందో లేదో ముందే చెప్పి చావు.

నీ
సుబ్బు