సర్వర్లలో ఊరికే పడివున్న జాగా వెనక్కి తెస్తున్నాం, మీ మెషీన్ ఎప్పుడు ఆపాలో చూసుకోండి

మా దగ్గర సర్వర్ పెట్టుకున్న కస్టమర్లందరికీ నమస్కారం.

మార్చి క్లోజింగ్ హడావుడి తగ్గింది కదా అని ఇప్పుడు రాస్తున్నా. గుంటూరు బ్రాడీపేటలో మన రాక్ మీద నడుస్తున్న మెషీన్లకు కొత్త ఎస్ఎస్‌డీలు వేయాలా అని ఈమధ్య మీలో చాలామంది అడిగారు. కొందరికి కొటేషన్ కూడా పంపాం. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. డిస్కుల రేట్లు ఉన్న తీరు చూస్తే, కొత్తవి కొనేముందు ఉన్నవాటిలో ఎవరికీ పనికిరాకుండా పడివున్న జాగాను బయటకు లాగడం మేలు. మీ ఎకౌంట్లు ఉన్న మెషీన్‌తో వ్యవహారం కాబట్టి, ఇది గుమస్తాకు ఫార్వర్డ్ చేసి ఊరుకోకుండా మీరే చదవండి.

ముందుగా మా లెక్క ఒకటి దాచకుండా చెప్పాలి. మీకు 500 జీబీ ఇచ్చామంటే, మొదటిరోజే 500 జీబీ మీ పేరున తీసి పక్కన పెట్టం. మీ మెషీన్ అంటే మా సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒక కంప్యూటర్, దాని డిస్కు అంటే మా సర్వర్లో ఒక పెద్ద ఫైలు. మీరు వాడేకొద్దీ అది పెరుగుతుంది. దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు, ఈ మెషీన్లను నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీలో డైనమిక్ డిస్కు అంటారు. అందుకే మీ అందరికీ ఇచ్చిన సైజులు కూడితే మా దగ్గరున్న అసలు డిస్కుల కంటే ఎక్కువే వస్తుంది. నెలవారీ రేటుకు సర్వర్లు ఇచ్చేవాళ్లు చాలామంది చేసేది ఇదే. మీ బిల్లు ఆ రేటులో ఉండటానికీ ఇదే కారణం. అయితే అందరి ఫైళ్లూ కలిసి పెరిగిపోయి కింద అసలు డిస్కు నిండితే, ఒకరి మెషీన్‌తో పోదు. దాని మీదున్నవన్నీ ఒక్కొక్కటిగా ఆగుతాయి. హైపర్-వీ 'పాజ్డ్ క్రిటికల్' అని చూపించి ఎక్కడిదక్కడ నిలబెట్టేస్తుంది. అప్పుడు మీ సి డ్రైవ్‌లో సగం ఖాళీ ఉన్నా లాభం లేదు. మేం డిస్కును అంతదాకా నిండనివ్వం, రోజూ చూస్తుంటాం. కానీ ఒకరు వదిలేసిన చెత్త పక్కవాళ్ల మెషీన్‌కు కూడా సంబంధించిన విషయమేనని మీకు తెలియాలి.

పట్నంబజారు కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "పాత బ్యాకప్‌లన్నీ డిలీట్ చేయించానండీ, ఇంకా నా మెషీన్ పెద్దదే అంటారేంటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆయన మెషీన్ లోపలికి వెళ్లి చూస్తే వాడకం 140 జీబీ. బయట మా సర్వర్లో అదే మెషీన్ డిస్కు ఫైలు 390 జీబీ. మధ్యలో ఉన్న 250 జీబీ ఆయనకూ పనికిరాదు, మాకూ పనికిరాదు.

సంగతేమిటంటే, విండోస్‌లో ఫైలు డిలీట్ చేస్తే అక్కడున్న డేటా చెరిగిపోదు. ఈ జాగా ఇక వేరే వాటికి వాడుకోవచ్చు అని విండోస్ తన పట్టికలో రాసుకుంటుందంతే. కింద ఉన్న మా సర్వర్‌కు ఆ పట్టిక కనపడదు. ఒకసారి రాసిన బ్లాకు, అంటే డిస్కులో ఒక ముక్క, రాసినట్టే ఉందనుకుంటుంది. మిర్చి వాళ్లకైతే ఒక్క మాటలో అర్థమవుతుంది: కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) ఎత్తేశారు, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) మాత్రం రద్దు చేయించలేదు. ఛాంబర్లో జాగా ఖాళీ, పుస్తకంలో మాత్రం ఇంకా మీ పేరే.

ఆ బాండు రద్దు చేయించే ఏర్పాటు కంప్యూటర్లలోనూ ఉంది. ట్రిమ్ అనీ, అన్‌మ్యాప్ అనీ అంటారు. లోపలి విండోస్ గానీ లైనక్స్ గానీ 'ఈ బ్లాకులు నాకిక అక్కర్లేదు' అని కిందికి కబురు పంపుతుంది. విండోస్ సర్వర్ 2012తో వచ్చిన వీహెచ్‌డీఎక్స్ రకం డిస్కులు ఈ కబురు అందుకుంటాయి. అంతకుముందు రకం వీహెచ్‌డీకి ఆ సౌకర్యం లేదు. మీలో కొందరి మెషీన్లు పాత ఆఫీసు కంప్యూటర్ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చినవి, అవి ఇంకా వీహెచ్‌డీలోనే ఉన్నాయి. వాటిని మార్చాకే మిగతా పని.

ఇంకో మాట. 'డిస్క్ ఫుల్' అని మీరు పంపే స్క్రీన్‌షాట్లలో చాలావరకు సి డ్రైవ్ ఎర్రగీతవి. అది మీ లోపలి జాగా అయిపోవడం. నేను పైన చెప్పింది బయటి జాగా. లోపల శుభ్రం చేస్తే ఎర్రగీత పోతుంది, బయటి ఫైలు మాత్రం చిన్నదవ్వదు. ఊరికే బయట కుదించబోతే కుదించడానికి ఏమీ దొరకదు. అందుకే ముందు లోపల, తర్వాత బయట.

లోపల ఏం దొరుకుతాయో ఇన్నాళ్లుగా చూస్తున్నాం కాబట్టి చెప్పగలను. రిమోట్‌లో లాగిన్ అయ్యే ప్రతి యూజర్‌కూ విడిగా ఒక రీసైకిల్ బిన్, విడిగా టెంప్ ఫోల్డరు ఉంటాయి. మానేసి వెళ్లిపోయిన అకౌంటెంట్ల ప్రొఫైళ్లు డౌన్‌లోడ్లతో సహా అలాగే ఉన్నాయి. ఒకే టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటాకు 'కొత్త', 'కొత్త 2', 'ఇదే ఫైనల్' అని కాపీలు. సర్వర్లో వాట్సాప్ పెట్టి పెళ్లి వీడియోలు దించిన మహానుభావులూ ఉన్నారు, పేర్లు చెప్పను. వీటన్నిటికంటే పెద్ద తిండిపోతు ఎస్‌క్యూఎల్ లాగ్ ఫైలు, అంటే డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ రాసుకునే ఫైలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసినవాళ్లు డేటాబేస్‌ను ఫుల్ రికవరీ మోడ్‌లో వదిలేసి, లాగ్ బ్యాకప్ పెట్టకుండా వెళ్లిపోతారు. లాగ్ బ్యాకప్ జరగనంతకాలం పాత జాగా తిరిగి వాడుకోవడం కుదరక ఆ ఫైలు అలా పెరుగుతూనే పోతుంది. డేటా పది జీబీ, లాగు దానికి నాలుగైదింతలు ఉన్న మెషీన్లు మన దగ్గరే ఉన్నాయి. లాగ్ బ్యాకప్ తీసి, షెడ్యూలు పెట్టి, లాగును ఒక్కసారి కుదిస్తాం. అసలు డేటా ఫైలును మాత్రం కుదించం. కుదిస్తే ఇండెక్సులు చెల్లాచెదురై రిపోర్టులు నెమ్మదిస్తాయి, నాలుగు రోజుల్లో ఫైలు మళ్లీ పెరుగుతుంది.

విండోస్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డరును చూసి, ఇది ఇంత ఉంది తీసేయండి అని కొందరు అడుగుతున్నారు. దాన్ని చేత్తో తీస్తే విండోస్ లేవదు. పైగా అక్కడ కనపడే సైజంతా నిజం కాదు, చాలా ఫైళ్లు వేరేచోట ఉన్నవే ఇక్కడా లెక్కలోకి వస్తాయి. డిజమ్ అనే విండోస్ సొంత కమాండ్‌తో అప్‌డేట్ల పాత ముక్కలు మాత్రమే తీయిస్తాం. అప్‌డేట్ వెనక్కి తీసే దారి మూసేసే ఆప్షన్ ఒకటి అందులో ఉంది, దాని జోలికి పోము.

ఇక బయటి పని. ట్రిమ్ కబురు పంపాక మీ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేస్తాం. దాని డిస్కు ఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి, హైపర్-వీ ఆప్టిమైజ్ కమాండ్ నడుపుతాం. పట్నంబజారు ఆయన మెషీన్ 390 జీబీ నుంచి 150 చిల్లరకు దిగింది. గమనించండి, ఆయన డి డ్రైవ్, సి డ్రైవ్ సైజులు ఏమీ మారలేదు. లోపల చూస్తే మునుపటి 500 జీబీయే. తగ్గింది మా డిస్కు మీద అది ఆక్రమించిన చోటు.

ట్రిమ్ పనిచేయని చోట పాత పద్ధతి ఒకటుంది: ఎస్‌డిలీట్ లాంటి టూల్‌తో ఖాళీ జాగా అంతా సున్నాలతో నింపి, తర్వాత కుదించడం. యూట్యూబ్‌లో చూసి మీరే ప్రయత్నించకండి దయచేసి. సున్నాలు రాసేటప్పుడు డైనమిక్ ఫైలు ముందు పూర్తి సైజుకు ఉబ్బుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. జాగా కోసం మొదలుపెట్టిన పనే కింద డిస్కును నింపేసి అందరినీ ఆపేయగలదు. తప్పనిసరైతే, కింద చోటు చూసుకుని ఒక్కో మెషీన్ చొప్పున మేమే చేస్తాం. లోపల బిట్‌లాకర్ (డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సౌకర్యం) పెట్టుకున్నవాళ్లకు ఆ పద్ధతి అక్కరకు రాదు, సున్నాలు కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే కిందికి చేరతాయి.

లైనక్స్ మెషీన్లు కేవీఎం (హైపర్-వీ లాంటి లైనక్స్ సాఫ్ట్‌వేర్) మీద ఉన్నాయి, వాటి కథ సులువు. డిస్కు సెట్టింగ్‌లో డిస్కార్డ్ ఆన్ చేస్తే ట్రిమ్ కబురు పంపే ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్ వారానికోసారి దానంతటదే నడుస్తుంది, మెషీన్ ఆపక్కర్లేదు. ఆ సెట్టింగ్ పట్టడానికి మాత్రం ఒక్కసారి పూర్తిగా ఆపి లేపాలి. లోపలి నుంచి రీస్టార్ట్ కొడితే చాలదు.

నాకు ఎక్కువ భయం ఉన్నది చెక్‌పాయింట్ల దగ్గర, అంటే అవసరమైతే వెనక్కి వెళ్లడానికి మెషీన్ ఆ క్షణపు స్థితిని గుర్తుపెట్టే ఏర్పాటు దగ్గర. ఏదో అప్‌డేట్ ముందు చెక్‌పాయింట్ తీసి మరచిపోతే, ఆ రోజు నుంచి మీరు రాసే ప్రతి వోచరూ ఏవీహెచ్‌డీఎక్స్ అనే వేరే ఫైల్లోకి వెళ్తుంది. జాగా వెతికేవాళ్ల కంటికి అది పాత చెత్తలా కనపడుతుంది. దాన్ని చేత్తో డిలీట్ చేస్తే చెక్‌పాయింట్ తీసిన రోజు తర్వాతి పనంతా గల్లంతే. సరైన పద్ధతి, హైపర్-వీ మేనేజర్ నుంచి చెక్‌పాయింట్ తీసేయడం. అప్పుడది అసలు ఫైల్లో కలిసిపోతుంది. కలవడానికి సమయం పడుతుంది, కొంత ఖాళీ కూడా కావాలి. అది పూర్తయ్యేదాకా కుదించే పని మొదలుపెట్టం. మీ ఆఫీసుకు వచ్చే కంప్యూటర్ కుర్రాళ్లకు సర్వర్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, ఈ పేరా ఒక్కటైనా చూపించండి. చెక్‌పాయింట్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లకూ చూపించండి. అసలు డిస్కు పోతే చెక్‌పాయింటూ దాంతోపాటే పోతుంది.

బ్యాకప్ గురించి మా నియమం ఇది. పని మొదలుపెట్టేముందు మీ మెషీన్ మొత్తం కాపీ వేరే డిస్కు మీదికి తీస్తాం. ఆ కాపీని నెట్‌వర్క్ తగిలించకుండా మరో సర్వర్ మీద లేపుతాం, ఒకే పేరుతో రెండు మెషీన్లు నెట్‌వర్క్‌లో కొట్టుకోకూడదు కాబట్టి. టాలీలో మీ కంపెనీ ఓపెన్ చేసి, డే బుక్‌లో చివరి వోచర్ నంబరు మీ గుమస్తాతో ఫోన్లో సరిచూసుకుంటాం. నంబరు కలిస్తేనే ముందుకు. కుదించాక కూడా ఆ పాత కాపీని వెంటనే తీసేయం. మీ తర్వాతి 3బీ (జీఎస్టీ రిటర్ను) వేసేదాకా ఉంచుతాం, తేడా ఏదైనా ఉంటే ఆలోపే బయటపడుతుంది.

లెక్కలు మాత్రం, మీరు తీసేయమన్నా ఒకసారి ఆగమంటాం. జీఎస్టీ చట్టం ప్రకారం ఒక సంవత్సరపు రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువకాలం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకైతే పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలవి ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు ఎడిట్ లాగ్ (లెక్కల్లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపే రికార్డు) కూడా తప్పనిసరి. అందుకే పాత కంపెనీ డేటా అన్నది మీ ఆడిటర్ గారు సరేనంటేనే కదుపుతాం. అప్పుడు కూడా డిలీట్ చేయం, బయటి హార్డ్ డిస్కులోకి మార్చి మీ చేతికిస్తాం.

అందరికీ ఒకేలా లాభం ఉండదు. కొత్తపేట స్కానింగ్ సెంటర్ల మెషీన్లలో ఉన్నది నిజమైన డేటా, అందులో తీయడానికి పెద్దగా ఏమీ లేదు. వాళ్లకు డిస్కు కొనక తప్పదు, ఆ కొటేషన్ అలాగే ఉంటుంది. ఫిక్స్‌డ్ డిస్కు అడిగి తీసుకున్నవాళ్లకు జాగా మొదటిరోజే పూర్తిగా కేటాయించాం కనుక వాటిని ముట్టుకోం.

రోజుల సంగతి. ఆడిటర్ల మెషీన్లు ఈ నెల 20న 3బీ అయ్యాక, నెలాఖరులోపు. మిర్చి కమీషన్ కొట్లకు ఇప్పుడు సీజను, యార్డుకు సెలవులైన శని, ఆదివారాల్లో కూడా పట్టీలు (అమ్మకం లెక్కల చీటీలు) రాస్తూనే ఉంటారని తెలుసు. మీవి వేసవి సెలవులు ఇచ్చాక పెట్టుకుందాం, అప్పటిదాకా ట్రిమ్ మాత్రం నడిపి ఉంచుతాం. ఆస్పత్రుల మెషీన్లు ఆదివారం రాత్రి, రిసెప్షన్‌లో ఎవరుంటారో ముందే చెబితే వాళ్లతో మాట్లాడి. యూపీఎస్ మీదా జనరేటర్ మీదా నమ్మకం ఉన్నా, ఎండాకాలం సాయంత్రాల్లో ఈ పని పెట్టుకోం. ఫైలు కుదిస్తుండగా కరెంటు పోతే తలనొప్పి.

దీనికి విడిగా చార్జీ లేదు. అలాగని, జాగా తగ్గింది కదా బిల్లు తగ్గించండి అంటే కుదరదు. బిల్లు మీకిచ్చిన సైజుకు, ఆ సైజు అలాగే ఉంది. చిన్న సైజుకు మారతామంటే మారుస్తాం. అయితే అది పార్టిషన్లు కోసే పని, రిస్కు ఎక్కువ, దానికి వేరే రోజు, వేరే చార్జీ.

మీ మెషీన్‌లో దొరికిన పెద్ద ఫోల్డర్ల పట్టిక ఈ వారం వాట్సాప్‌లో వస్తుంది. 'సరే' అనో, బొటనవేలు గుర్తో పెడితే మేం ఏదీ తీయం. తీయాల్సిన ఫోల్డరు పేరు రాసి పంపండి. మీ నుంచి జవాబు రాకపోతే ఆ మెషీన్‌లో యూజర్ల ఫైలు ఒక్కటి కూడా కదలదు, టెంపు, విండోస్ పాత ముక్కలు మాత్రమే పోతాయి.