వస్త్ర వ్యాపారుల సంఘం వార్షిక నివేదిక, 2024–25: ఆర్‌ఎఫ్‌ఐడీ తరగతులు, ఇతర కార్యక్రమాలు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం సమయం, శ్రమ ఎక్కువగా ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే చిన్న చిప్పు ఉన్న ట్యాగును రేడియో తరంగాలతో చదివి సరుకును గుర్తుపట్టే పద్ధతి, దాని తరగతులకే వెచ్చించాం. అందుకే నివేదికలోనూ దానికే పెద్దపీట వేస్తున్నాను. గత సర్వసభ్య సమావేశంలో అందరూ మొరపెట్టుకున్నది స్టాకు తేడా గురించి. సంక్రాంతి ముందూ, ఆషాఢం అమ్మకాలు అయ్యాకా కొట్టు మూసి రాత్రి పొద్దుపోయేదాకా చీరలు లెక్కపెట్టినా, పుస్తకంలో ఉన్నదానికీ అరల్లో ఉన్నదానికీ పొంతన కుదరదు. చీరలకు ఈ ట్యాగులు కడితే ఆ బాధ తీరుతుందని వాటిని అమ్మేవాళ్లు కొట్టు కొట్టుకూ వచ్చి చెబుతున్నారు. డబ్బు పెట్టే ముందే సంగతి మనమే నేర్చుకుందామని కార్యవర్గం నిర్ణయించింది.

తరగతులు ఫాస్టాగ్‌తో మొదలుపెట్టాం. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర తప్పనిసరైన ఆ స్టిక్కరు మన కార్ల అద్దాల మీద ఎప్పటినుంచో ఉంది. దానిలో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరి రీడరు పంపే రేడియో తరంగాల నుంచే చిప్పు శక్తి తీసుకుని, అవే తరంగాలను తన నంబరుతో తిప్పి పంపుతుంది. చీరకు కట్టే ట్యాగు పనిచేసే తీరూ ఇదే. బార్‌కోడ్‌ను ఒక్కొక్కటిగా స్కానరుకు చూపించాలి. ట్యాగులను మడతల చాటున ఉన్నా, గుట్టగా ఉన్నా రీడరు వరసగా చదివేస్తుంది. డెకాథ్లాన్ దుకాణాల్లో కొన్న సరుకంతా ఒక తొట్టిలో వేయగానే బిల్లు తయారవడం కొందరు సభ్యులు చూసే ఉంటారు.

ప్రతి తరగతిలోనూ వచ్చిన ప్రశ్న ఒకటుంది: మన ఫోనుతో చదవొచ్చా? చదవలేం. ఫోనులోని ఎన్‌ఎఫ్‌సీ (ఫోను దగ్గర పెట్టి చెల్లింపులు చేసే సదుపాయం) 13.56 మెగాహెర్ట్జ్ మీద, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. స్టాకు లెక్కకు వాడేవి యూహెచ్‌ఎఫ్, అంటే ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద, ఎక్కువ దూరం నుంచి చదివే ట్యాగులు. మన దేశంలో వీటికి లైసెన్సు అక్కర్లేని బ్యాండు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. అమెరికాలో అది 902 నుంచి 928. బయటినుంచి తెప్పించిన రీడరు కొనేటప్పుడు ఏ బ్యాండుకు పెట్టి ఉందో, ఆ పరికరానికి డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలను చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి ఉందో లేదో తప్పక అడగండి. చవకగా వస్తోందని తొందరపడొద్దు.

ఇక అసలు విషయం. రీడరు చూపించడానికి వచ్చినవాళ్లు అట్టపెట్టెల్లో కాటన్ షర్టులు పెట్టి చూపిస్తారు. అవి ఎప్పుడైనా చదువుతాయి, గుడ్డకూ అట్టకూ ఈ తరంగాలు ఆగవు. మన సరుకు అది కాదని, సభ్యుల కొట్ల నుంచే చీరలు తెప్పించి సంఘం హాల్లో పరీక్ష పెట్టాం. మంగళగిరి కాటన్ డ్రెస్ మెటీరియల్ ఇబ్బంది లేకుండా చదివింది. నిండు జరీ ధర్మవరం పట్టుచీర మడతల మధ్య ట్యాగు పెడితే మాత్రం రీడరు పలకలేదు. జరీ లోహం కదా, తరంగాలను అడ్డుకుంటుంది, ట్యాగు యాంటెన్నాను పనిచేయనివ్వదు. అదే ట్యాగును దారంతో కట్టి మడత బయటికి వేలాడేలా వదిలితే వెంటనే చదివింది. గద్వాల చీరలో ఒళ్లు కాటన్, జరీ అంచుకూ కొంగుకూ ఉంటుంది కాబట్టి ట్యాగు అంచుకు దూరంగా ఉంటే చాలు. చీరల దొంతరను గుమస్తా ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడూ కొన్ని దొరకలేదు. ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఇనుప బీరువా తలుపు వేస్తే లోపలి ట్యాగుల జాడే ఉండదు.

ఇందుకు పూర్తిగా తిరగబడ్డ సమస్య కూడా ఎదురైంది. హాల్లో రెండు దుకాణాల సరుకు మధ్య ప్లైవుడ్ పలక నిలబెట్టి చదివిస్తే, పక్క దుకాణం చీరలు కూడా మన లెక్కలోకి వచ్చాయి. రీడరు పవరు తగ్గించాక సర్దుకుంది. ఒకే కాంప్లెక్సులో గోడకు గోడ ఆనుకుని కొట్లున్న సభ్యులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

2003లో వాల్‌మార్ట్ తన పెద్ద సరఫరాదారులు వందమందిని 2005 జనవరికల్లా ట్యాగులు పెట్టమంది. అప్పుడు వాళ్లకు తలనొప్పి అయినవీ నీళ్లూ, లోహమూ, ట్యాగు ఖర్చూనే. తర్వాత ఈ పద్ధతి బాగా నిలదొక్కుకున్నది బట్టల వ్యాపారంలోనే. మన వ్యాపారానికి ఇది సరిపోతుందనే నా నమ్మకం కూడా. చేనేతలో ఒక చీరలాంటిది ఇంకొకటి ఉండదు. ఒక రకం సరుకంతటికీ ఒకే బార్‌కోడ్ వేసే చోట ప్రతి చీరకూ దాని సొంత నంబరు ఉంటే, ఏ చీర ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లుగా అమ్ముడుపోలేదు అన్నది తెలుస్తుంది. తువ్వాళ్లకూ లుంగీలకూ మాత్రం వద్దు, వాటికి బార్‌కోడే చాలు.

ట్యాగులో ఉండేది నంబరే. ధర, రంగు, నేత అన్నీ కంప్యూటరులో ఎక్కించాలి. సరుకు దిగిన రోజే ట్యాగు కట్టి, నంబరు ఎక్కించి, ఆ తర్వాతే అరలో పెట్టాలి. బిల్లు వేసేటప్పుడు ట్యాగు కత్తిరించి తీసేయాలి. కొన్నవారు ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు చదవగలిగే నంబరును వారి వెంట పంపడం మర్యాద కాదు. ఈ క్రమం తప్పితే ఎంత ఖరీదైన రీడరైనా తప్పు లెక్కే చూపిస్తుంది. అందుకే యజమానులతోపాటు గుమస్తాలనూ బిల్లింగ్ పిల్లలనూ తరగతులకు పిలిచాం. జరీ దగ్గర ట్యాగు ఎటు వేలాడాలో ముందు కనిపెట్టింది వాళ్లే. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

మిగతా కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. వేసవికి ముందు కొట్లలో కరెంటు వైరింగు, మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేయించాం. జీఎస్‌టీ రిటర్నుల మీద అవగాహన సదస్సు, గుమస్తాల కుటుంబాలకు వైద్య శిబిరం నిర్వహించాం. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చులు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఇది: ప్రతి కొట్టూ సొంతంగా రీడరు కొనడం కన్నా, చేత్తో పట్టుకునే రీడరు ఒకటి సంఘమే కొని సభ్యులకు వంతులవారీగా ఇవ్వాలి. ట్యాగులు కలిసి కొంటే ధరా తగ్గుతుంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది. వచ్చేటప్పుడు మీ కొట్లో జరీ బాగా ఉన్న చీర ఒకటి తీసుకురండి. కొనదలచిన రీడరును ఆ చీరల మీదే చదివించి, ఆ తర్వాతే ఓటు వేద్దాం.

— కార్యదర్శి