లక్ష డిపాజిట్ ఎవరికి, మినహాయింపు ఎవరికి?

సంపాదకులకు,

పోయిన వారం మీ బిజినెస్ పేజీలో ఒక కంపెనీ ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) వార్త చూశాను. కొత్త స్వతంత్ర డైరెక్టర్ల (అంటే యాజమాన్యంతో సంబంధం లేనివాళ్ల) నియామకానికి వాటాదారులు "అఖండ ఆమోదం" తెలిపారట. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. ఆ వాటాదారుల్లో నేనూ ఒకణ్ణి. కంపెనీ వాళ్లు పంపిన ప్రకటనను కామా కూడా కదపకుండా అచ్చేశారు మీరు.

అసలు ఆ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? నోటీసులో ఉన్నది ఒక్క ముక్కే: నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ (డైరెక్టర్ల పేర్లు, జీతాలు సూచించే కమిటీ) సిఫారసు మేరకు, బోర్డు ఆమోదంతో. దాని కింద అభ్యర్థి వయసు, చదువు, ఇంకెన్ని కంపెనీల్లో డైరెక్టరో ఓ పట్టిక. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చింది, ఇంకెవరిని చూశారు, వాళ్లను ఎందుకు వద్దనుకున్నారు అన్నది మాత్రం అడక్కూడదు. ఇంతకీ ఆ కమిటీని వేసిందెవరు? బోర్డే. కంపెనీల చట్టం 178వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం సగం మంది స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి. స్టాక్ మార్కెట్లో లిస్టైన కంపెనీల్లో 2022 నుంచి మూడింట రెండు వంతులు ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అంది. బాగానే ఉంది. కానీ ఆ స్వతంత్రుల్ని పోయినసారి తెచ్చిందీ ఇలాంటి కమిటీయే, దాన్ని వేసిందీ ఈ బోర్డే. ఇక కాదనేదెవరు?

మీకు ఓటుంది కదా అంటారు. స్వతంత్ర డైరెక్టరుకు ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. ప్రమోటర్ల (కంపెనీని నడిపించే యజమానుల) దగ్గర 75 శాతం దాకా వాటా ఉండొచ్చని నిబంధనే చెబుతోంది. అంత వాటా ఉన్నచోట మిగతా వాళ్లమంతా కట్టగట్టుకుని వద్దన్నా తీర్మానం నెగ్గుతుంది! చిన్న వాటాదారుల మెజారిటీ విడిగా రావాలని 2021లో సెబీ చర్చాపత్రంలో పెట్టింది. తర్వాత ఏమైందో, ప్రత్యేక తీర్మానం చాల్లే అని సరిపెట్టేసింది.

పోనీ మనమే ఒకరిని మామూలు డైరెక్టరుగా నిలబెడదామా? 160వ సెక్షన్ చదవండి. పద్నాలుగు రోజుల ముందు నోటీసు, లక్ష రూపాయల డిపాజిట్. గెలిస్తేనో, పోలైన ఓట్లలో 25 శాతానికి మించి వస్తేనో లక్ష వెనక్కి. ప్రమోటర్లకు 75 శాతం ఉండి అంతా వ్యతిరేకంగా వేస్తే మనకు 25కి మించి ఎలా వస్తాయో లెక్కల మాస్టార్లెవరైనా చెప్పాలి. స్వతంత్ర డైరెక్టరుకూ, కమిటీ సిఫారసు చేసిన అభ్యర్థికీ మాత్రం ఆ డిపాజిట్ అక్కర్లేదని 2017 సవరణలో మినహాయించారు. అత్తగారిల్లు మరి!

యూనివర్సిటీలు వీటికన్నా నయమా అంటే, కనీసం కాగితం మీద నయమే. వైస్ ఛాన్సలర్ (వీసీ) పదవికి సెర్చ్ కమిటీ మూడు నుంచి అయిదు పేర్లు పంపాలని యూజీసీ నిబంధన. కేరళలోని అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేయడానికి ఒక కారణం, కమిటీ ఒకే పేరు పంపడం. కంపెనీల్లో మాకు ఎప్పుడూ వచ్చేది ఒక్క పేరే, దాన్ని ఏ కోర్టూ అడగదు. అలాగని మన వీసీల సంగతి గొప్పగా ఉందనుకోకండి. తెలంగాణలో ఉస్మానియాతో సహా 2019లో ఖాళీ అయిన కుర్చీలు 2021 మే దాకా నిండలేదు, అన్నాళ్లూ ఐఏఎస్‌ల ఇన్‌ఛార్జి పాలనే. ఇక మార్కెట్ కమిటీలు, గుడి ట్రస్టు బోర్డులు, కార్పొరేషన్ల నామినేటెడ్ పోస్టులు... ఆ జాబితా ఎక్కడ తయారవుతుందో మీ విలేకర్లకే బాగా తెలుసు.

బోర్డులో పెద్ద పేర్లుంటే చాలనుకునేవాళ్లు సత్యం కంప్యూటర్స్ కథ గుర్తు చేసుకోవాలి. హార్వర్డ్ ఆచార్యుడూ, హైదరాబాద్ బిజినెస్ స్కూలు డీనూ ఉన్న బోర్డే 2008 డిసెంబరు 16న చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఊఁ అంది. మూడు వారాలు దాటగానే, జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది.

ఇప్పుడు ఏజీఎంలు చాలావరకు వీడియోలోనే. స్పీకర్‌గా పేరు ముందే నమోదు చేసుకుంటే రెండు నిమిషాలిచ్చారు. నాకన్నా ముందు మాట్లాడినవాళ్లంతా చైర్మన్‌గారికి నమస్కారాలు, ఫ్యాక్టరీ చూపించమని వేడుకోళ్లు, డివిడెండుకు ధన్యవాదాలు. నా వంతు వచ్చాక ఈ కమిటీ ఎన్ని పేర్లు పరిశీలించిందని అడిగాను. "మెయిల్‌లో జవాబిస్తాం సార్" అని మైకు కట్ చేశారు. ఆ మెయిల్ ఇప్పటికీ రాలేదు.

వచ్చేసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ కమిటీలో ఎవరున్నారు, వాళ్లను బోర్డులోకి ఎవరు తెచ్చారు అన్న రెండు వాక్యాలు కలపండి. జాగా చాలకపోతే చైర్మన్‌గారి ఫొటో కాస్త చిన్నది చేస్తే సరి.

— ఒక చిన్న వాటాదారు, కాకినాడ