శివరాత్రికల్లా పాలమూరులో కుక్కపిల్లల దత్తత మేళా పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కుక్కలు జతకట్టే చిత్త కార్తె పోయి రెండు నెలలు దాటింది. మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లినా మోరీల పక్కన, కడుతున్న ఇళ్ల ముందు ఇసుక కుప్పల మీద కుక్కపిల్లలే. మరోపక్క ల్యాబ్రడారో హస్కీయో కావాలని హైదరాబాద్ పెట్ షాపులకు ఫోన్లు చేసి, పిల్లను కళ్లతో చూడకుండానే వేలకు వేలు అడ్వాన్సు పంపేవాళ్లూ మన ఊళ్లోనే ఉన్నారు. కుక్కను పెంచుకోవాలన్న సరదా తప్పు కాదు. కొనే ముందు మన వీధిలో ఉన్న కుక్కపిల్లలను ఒకసారి చూడండి అంటున్నాను. అవి చూపించే ఏర్పాటు కార్పొరేషన్ చేయాలి.

ఇది కొత్త పనేమీ కాదు. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో ఇలాంటి మేళా పెట్టింది. వీధి కుక్కపిల్లలకు టీకాలు వేయించి, నులిపురుగుల మందు పట్టించి ఉచితంగా ఇచ్చింది. అదే నెల 22న సుప్రీంకోర్టు కూడా వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. మరి మహబూబ్‌నగర్‌లో ఆ దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి? నేను అడిగిన ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల దగ్గర జవాబు లేదు.

మేళాకు సంక్రాంతి మంచి సమయం కాదు. అప్పటికి చాలా పిల్లలు ఇంకా తల్లి పాల మీదే ఉంటాయి. ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి నుంచి వేరు చేస్తే తొందరగా జబ్బు పడతాయి, మనుషులతో, తోటి కుక్కలతో మెలగడమూ సరిగ్గా అబ్బదు. శివరాత్రి నాటికైతే వయసు సరిపోతుంది. తీసుకున్నవాళ్లు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి, తర్వాత ఏటా వేయించాలి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం పేరుతో పశువుల దవాఖానల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు కాబట్టి ఖర్చు సాకు కూడా లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈనిన చోటు దాటే లోపే మగ కుక్కపిల్లలన్నీ ఎవరో ఒకరి ఇంటికి చేరతాయి. మిగిలేవి ఆడపిల్లలే. వాటిని సంచిలో వేసి ఊరి బయట వదిలొచ్చేవాళ్లను అందరం చూశాం. ఆ ఆడకుక్క ఏడాది తిరిగేలోపే ఈనుతుంది. అందుకే మేళాలో ఆడపిల్లను తీసుకున్నవారికి వయసు రాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కార్పొరేషనే ఉచితంగా చేయించాలి, ఆ మేరకు చీటీ రాసి అక్కడే చేతిలో పెట్టాలి. దత్తత ఒక్కదానితో కుక్కకాట్లు ఆగిపోతాయని నేను అనడం లేదు. ఆపరేషన్లు, టీకాలు లేకుండా ఏదీ ఆగదు.

ఇక కొనేవారికి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ సర్టిఫికెట్ చూపమని అడిగినవాళ్లు మనలో ఎంతమంది? వయసు ఎక్కువ చెప్పి అంటగట్టిన పిల్లకు వారం తిరగకుండానే పార్వో అనే ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు వచ్చి, దవాఖాన చుట్టూ తిరిగే టెన్షన్ చాలా ఇళ్లలో చూస్తున్నాం. పైగా మంచు దేశాల కోసం పుట్టిన హస్కీని తెచ్చి పాలమూరు ఎండల్లో, కరెంటు పోయే ఇళ్లలో పెంచడం దానికీ శిక్షే. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఏప్రిల్, మే నెలల్లో ఊపిరి ఆడటమే కష్టం.

మోజు తీరాక కొందరు వాటినీ రోడ్డు మీదే వదిలేస్తున్నారు. జడ్చర్ల దాటి హైవే వెంట వెళ్తే మెడలో బెల్టుతో తిరిగే జాతి కుక్కలు కనిపిస్తాయి. పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే కానీ, మొదటిసారి జరిమానా 50 రూపాయలు మించదు. చాయ్ బిస్కెట్ ఖర్చుతో పోయే శిక్షకు ఎవరు భయపడతారు?

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే అడ్డాకుల మండలం పొన్నకల్‌లో 20 వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. తమ పెంపుడు కుక్కను అవి చంపాయన్న కోపమే కారణమని తర్వాత పోలీసులు చెప్పారు. జాతి కుక్క మీద ప్రేమ ఉన్నచోట కూడా వీధికుక్క మీద ఎంత కక్ష ఉండగలదో అప్పుడు చూశాం.

కమిషనర్ గారికి, జిల్లా పశుసంవర్ధక అధికారి గారికి నా విన్నపం ఇంతే. ఫిబ్రవరిలో ఒక ఆదివారం స్టేడియం గ్రౌండ్‌లో షామియానా వేయించండి, ఇద్దరు డాక్టర్లను కూర్చోబెట్టండి. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో వారం ముందే ఈ పత్రికలో ప్రకటన వచ్చేలా చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మహబూబ్‌నగర్