చిట్టి సీటు గురించి అన్నయ్యకు

బోస్టన్,
ఆదివారం రాత్రి

అన్నయ్యకు,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో తేల్చే విషయం కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను. వదినకు కూడా చదివి వినిపించు.

చిట్టికి కాకినాడలో ఎండీ పాథాలజీ సీటు, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కనీ రక్తాన్నీ చూసి జబ్బేమిటో తేల్చే చదువు, వచ్చిందని చెబుతున్నప్పుడు నీ గొంతులో సంతోషం లేదు. ఇంకో ఏడాది ఇంట్లో ఉంచి మళ్ళీ రాయిస్తే రేడియాలజీయో జనరల్ మెడిసినో రావచ్చన్నావు. "ల్యాబులో కూర్చుని రక్తపరీక్షలు చేసుకోవడానికా ఇంత చదివించింది" అని వెనక నుంచి వదిన అనడం నాకు వినిపించింది. నాకేం కోపం రాలేదులే. నాకు పాథాలజీ సీటొచ్చినప్పుడు నాన్న కూడా ఇదే మాట అన్నారు, నువ్వు పక్కనే ఉన్నావు. "డాక్టరంటే నాడి పట్టుకోవాలి గానీ గాజుముక్కలు పట్టుకుంటుందా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బుధవారం ఏం జరిగిందో చెప్తాను. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫ్రోజెన్ వస్తోందని ఫోన్ వచ్చింది. పేషెంటు ఇంకా టేబుల్ మీద మత్తులో ఉండగానే, లోపలి నుంచి తీసినది మాకు పంపి ఇదేమిటో చెప్పమని అడుగుతారు, దాన్ని ఫ్రోజెన్ అంటాం. దాంతో వచ్చే కాగితం మీద నేను ముందు చూసేది వయసు. సరిగ్గా చిట్టి వయసే. అండాశయంలో గడ్డ, చిన్న పుచ్చకాయంత ఉంది. క్యాన్సరైతే ఆపరేషన్ ఇంకా పెద్దదవుతుంది. కాకపోతే ఆ ఒక్కవైపు తీసేసి కుట్లు వేసేయొచ్చు, ఆ పిల్లకి రేపు పిల్లలు పుట్టే దారి ఉంటుంది.

కోసి చూశాను. లోపలంతా జిగురు నీళ్ళు, గోడ పల్చగా, నున్నగా ఉంది. గోడ వెంబడి వేలితో తడుముకుంటూ పోతే ఒకచోట మాత్రం గట్టిగా తగిలింది. అక్కడో ముక్క, ఇంకోచోట ఒక ముక్క తీసి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి, పల్చటి పొరలు కోసి రంగు వేశాం. ఇదంతా 20 నిమిషాల్లో అయిపోవాలి. మైక్రోస్కోప్ కింద కణాలు ఒకటే వరుసలో, బెంచీ మీద బుద్ధిగా కూర్చున్న పిల్లల్లా ఉన్నాయి. "బినైన్. మిగతాదంతా పర్మనెంట్ సెక్షన్లలో చూసి చెప్తాను" అన్నాను. బినైన్ అంటే క్యాన్సర్ కాదని; పర్మనెంట్ సెక్షన్లంటే తర్వాత తీరిగ్గా తయారుచేసే స్లైడులు. సర్జన్ గట్టిగా ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది.

పేషెంటు మొహం చూడని డాక్టరేంటి అన్నావు కదా. నిజమే, ఆ అమ్మాయి మొహం నేను చూడలేదు. కానీ అన్నయ్యా, ఆ 20 నిమిషాలూ కత్తి పట్టుకున్న మనిషి కూడా నా మాట కోసమే ఆగింది.

అలా చూడటం నాకు నేర్పింది విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో మా మేడమ్. పీజీ మొదటి ఏడాది ఒక రొమ్ము బయాప్సీ నా చేతికొచ్చింది. నేను తిన్నగా హై పవర్ పెట్టేశాను. చిన్న చిన్న గొట్టాలు, పీచులో ఇరుక్కుని, నలిగిపోయి అడ్డదిడ్డంగా ఉన్నాయి. క్యాన్సర్ అని రాసేసుకుని మేడమ్ గదికి పరిగెత్తాను. ఆవిడ స్లైడు పెట్టి, లెన్సు తిప్పి, అన్నిటికన్నా చిన్నదానికి తెచ్చారు. దాన్ని మేం స్కానర్ అంటాం. "మీది భీమవరం వైపు కదూ? చేను ఎలా ఉందో చూడాలంటే మీ నాన్న ఎక్కడ నిలబడతారమ్మా?" అని అడిగారు. గట్టు మీద అన్నాను. "మరి నువ్వు మడిలో దిగి మొక్కల మధ్య కూర్చున్నావేం? గట్టెక్కి చూడు" అన్నారు.

చూశాను. గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మడి ఆకారం మడిలాగే ఉంది, లోపల మొక్కలు ఇరుకై ఒత్తుకుపోయాయంతే. దాన్ని స్క్లీరోజింగ్ అడినోసిస్ అంటారు, క్యాన్సర్ కాదు. క్యాన్సరైతే గట్టు తెంచుకుని పక్క చేలోకి పోతుంది. నేను రాసుకున్నదే రిపోర్టుగా వెళ్ళి ఉంటే ఆవిడకి రొమ్ము తీసేసేవాళ్ళేమో. ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడికొచ్చాక మళ్ళీ మొదటి నుంచి 4 ఏళ్ళు రెసిడెన్సీ, ఇంకో ఏడాది ఫెలోషిప్ చేశాను, నీకు తెలుసు. ఇప్పుడు రోజూ పొద్దున్నే రెసిడెంట్లతో, అంటే ఇక్కడ శిక్షణలో ఉన్న డాక్టర్లతో, సైనౌట్ ఉంటుంది, కేసులు కలిసి చూసి రిపోర్టు తేల్చడం. ఒకే మైక్రోస్కోప్‌కి చుట్టూ కళ్ళు పెట్టుకునే చోట్లు చాలా ఉంటాయి, అందరం ఒకే స్లైడు చూస్తూ మాట్లాడుకుంటాం. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అది. ముందు వాళ్ళనే చెప్పమంటాను. తప్పు చెప్తే లెన్సు వెనక్కి తిప్పుతాను, మేడమ్ తిప్పినట్టే. మొదట్లో వాళ్ళకి అర్థమవుతుందని గట్టుకి బదులు ఫెన్స్ అనేదాన్ని. కుదరలేదు. కంచె ఎవరో తెచ్చి పాతేది, గట్టు చేలో మట్టే. చివరికి నువ్వు మన చేను గట్టు మీద నిలబడిన ఫోటో ఉందే, అది చూపించి చెప్పాను. పోయిన వారం ఒక రెసిడెంట్ స్లైడు చూస్తూ తనంతట తనే "గట్టు ఈజ్ ఇంటాక్ట్" అంది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చినంత పనైంది.

కష్టాలు దాచను. మెడ నొప్పి ఖాయం. మన దగ్గర మొదట్లో జీతం క్లినికల్ వాళ్ళకంటే తక్కువే ఉండొచ్చు. అంతకంటే పెద్ద కష్టం తొందరపెట్టేవాళ్ళతో. పీజీ అయ్యాక నేనొక ప్రైవేటు ఆస్పత్రిలో చేరి 8 నెలలకే మానేశాను, ఎందుకో అప్పుడు ఇంట్లో చెప్పలేదు. రొమ్ము క్యాన్సర్ ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. లేకపోతే హార్మోన్ పరీక్ష తప్పు చూపించొచ్చు, ఏ మందు ఇవ్వాలన్నది ఆ పరీక్ష మీదే ఉంటుంది. వాళ్ళకేమో పొద్దున తీసింది సాయంత్రానికి తేలిపోవాలి. కుదరదంటే "వేరేవాళ్ళు చేస్తున్నారు కదా మేడమ్" అనేవాళ్ళు. చిట్టికీ ఇలాంటివాళ్ళు తగులుతారు. అప్పుడు నిలబడి కాదనడం రావాలి. అది దానికి వచ్చని నా నమ్మకం, నీతో వాదించడం చూశాను కదా.

వదిన రక్తపరీక్షల గురించి అంది. అవీ ఉంటాయి, బ్లడ్ బ్యాంకూ ఉంటుంది. పిల్లల్లో లుకేమియా, అదే రక్త క్యాన్సర్, ముందు బయటపడేది ఆ రక్తపు చుక్క స్లైడులోనే. ఇంకో సంగతి చెప్పు వదినకి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన బృందం అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూసింది సిడ్నీ ఫార్బర్. ఇదే బోస్టన్‌లో, పిల్లల ఆస్పత్రిలో. 16 మంది పిల్లలకిస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రచురించారు. ఆ గుణం ఎక్కువ కాలం నిలవలేదు, కానీ అప్పటిదాకా ఆ పిల్లలకి మందన్నదే లేదు. ఆ ఫార్బర్ పాథాలజిస్టు, అన్నయ్యా. ఆ పిల్లల ఎముక మజ్జని మైక్రోస్కోప్ కింద చూసి చూసి, ఇక ఊరికే చూస్తూ కూర్చోలేకపోయిన మనిషి అని నేననుకుంటాను. ఆ ఆస్పత్రి మీదుగా వెళ్ళినప్పుడల్లా మన ఊరు గుర్తొస్తుంది.

చిట్టి సెకండియర్లో ఉన్నప్పుడు నేను సంక్రాంతికి వచ్చాను, గుర్తుందా? భోగి రాత్రి అందరూ పడుకున్నాక అది తన పాథాలజీ రికార్డు తెచ్చి నా ముందు పెట్టింది. గులాబీ, ఊదా పెన్సిళ్ళతో స్లైడు బొమ్మలు. మార్కుల కోసం వేసేవాళ్ళు కణాలన్నీ ఒకేలా చుక్కలు పెట్టేస్తారు. ఇది అలా వేయలేదు. లివర్ బొమ్మలో ఒక మూల రెండు కణాలు మాత్రం ముడుచుకుపోయి, ముదురు గులాబీ రంగులో ఉన్నాయి. ఇదేంటే అన్నాను. "స్లైడులో అలాగే ఉన్నాయత్తా, చచ్చిపోతున్నాయనుకుంటా. సార్ చెప్పలేదు, కానీ ఉన్నాయి కదా, వేశాను" అంది. అది సరిగ్గానే చూసింది. పీజీలోకి వచ్చినవాళ్ళు కూడా అలాంటివి దాటిపోవడం నాకు తెలుసు.

ఇంతకీ సీటు వద్దన్నది అదా, నువ్వా? ఫోన్‌లో అది ఒక్క మాటా మాట్లాడలేదు. శనివారం మీకు రాత్రి 8 గంటలకు ఫోన్ చేస్తాను. నువ్వూ వదినా కూడా ఉండండి, కానీ ముందు చిట్టిని మాట్లాడనివ్వండి. కాలేజీలో చేరే గడువు ఏ రోజో కనుక్కుని ఉంచు. అప్పటిదాకా సీటు వదులుకుంటామని ఎక్కడా సంతకం పెట్టకండి.

మేడమ్ రిటైరై విశాఖలోనే ఉంటున్నారు. ఈసారి వచ్చినప్పుడు చిట్టిని ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను. ఆ రికార్డు పారేయకుండా దాచమని చెప్పు, ఆవిడకి చూపించాలి.

నీ చెల్లి