భివండి బస్సు, నీ జర్మన్

సిరిసిల్ల

బిడ్డా,

జర్మన్ మాట్లాడే పరీక్షలో 52 వచ్చాయని ఫోన్లో ఏడ్చావు. వందకు 60 కావాలి. చదవడం, వినడం, రాయడం మూడూ గట్టెక్కాయి. బి1 అనే ఈ స్థాయి పరీక్షలో నాలుగూ వేర్వేరు కాబట్టి, పోయిన ఒక్కటే మళ్లీ ఇస్తే చాలని నువ్వే చెప్పావు. కాబట్టి నా టెన్షన్ దాని గురించి కాదు. "సార్ మాట్లాడించనే లేదు బాపూ, బ్యాచ్‌లో నలభై మందిమి" అన్నావు చూడు, దాని గురించి.

సార్‌ది తప్పు లేదనను. కానీ గంటన్నర క్లాసులో నలభై మందంటే నీ వంతుకు రెండు నిమిషాలు. ఆ లెక్క మొదటి వారంలోనే తెలిసింది కదా, మిగతా మాటలు ఎక్కడ మాట్లాడాలో ఎందుకు చూసుకోలేదు?

భివండిలో మరమగ్గాల పనికి చేరిన కొత్తలో నాకు మరాఠీ ఒక్క ముక్క రాదు. బస్సుల మీద నంబర్లు కూడా వాళ్ల అంకెల్లోనే. వాళ్ల ఒకటి మనం రాసే 9లా ఉంటుంది. తొమ్మిదనుకుని ఎక్కి ఎక్కడో దిగాను, ఆ రాత్రి కూలి పోయింది. మర్నాడు పది అంకెలూ ఒక అట్టముక్క మీద రాయించుకుని మగ్గం పక్కన అతికించా. తర్వాత వరస నేనే పెట్టుకున్నా: ముందు కూలి లెక్క మాటలు, ఆపైన బస్సు, ఆపైన కిరాణా కొట్టు. వ్యాకరణం ఇప్పటికీ రాదనుకో. నీకు అట్లా కుదరదు, నీది ఆసుపత్రి పని, రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో తప్పు వినకూడదు. అందుకే క్లాసు మానెయ్యమనడం లేదు.

మన వీధి లెక్చరర్ సార్‌తో నీ సంగతి మాట్లాడా. 1979లో ఆన్రీ హోలెక్ అనే ఫ్రాన్స్ ఆయన ఇదే రాశాడట: ఏం నేర్చుకోవాలి, ఎట్లా నేర్చుకోవాలి, ఎంత వచ్చింది అన్నది నేర్చుకునేవాళ్లే చూసుకోగలగాలని. మొదటి రెండూ నువ్వు కొంత చేశావు. మూడోది పూర్తిగా వదిలేశావు. మార్కులు వచ్చేదాకా నీకు మాట రావడం లేదని నీకే తెలియలేదు.

అట్లాగని నీకు చేతకాదనుకోకు. "వైల్ ఇష్ డుర్స్ట్ హాబె" (ఎందుకంటే నాకు దాహంగా ఉంది) అని చెప్పి, "'ఎందుకంటే' వస్తే క్రియ చివరికి పోతుంది బాపూ, అచ్చం మన తెలుగులాగే" అన్నావు గుర్తుందా? అది పుస్తకంలో లేదన్నావు. నువ్వే పట్టుకున్నావు. నాకు ఆ దాహం వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు, నువ్వు మాత్రం క్లాసు నోట్సే చదువుతున్నావు.

మాటలు మరిచిపోతున్నా అన్నావు. లైట్నర్ అనే జర్నలిస్టు 1972లో చెప్పిన పెట్టెల పద్ధతి ఉందట: చీటీ మీద మాట రాసుకోవాలి, చెప్పగలిగితే తర్వాతి పెట్టెలోకి, తప్పితే మళ్లీ మొదటి పెట్టెలోకి. అగ్గిపెట్టెలో చీర పట్టించిన ఊరు మనది, నీకు పెట్టెలకు కరువా?

పరీక్షలో ఇద్దరిని కూర్చోబెట్టి ఏదో పని కలిసి ప్లాన్ చేయమంటారన్నావు. మీ రూమ్ పిల్లతో ఆదివారం వంట జర్మన్‌లోనే ప్లాన్ చెయ్. ఫోన్లో రికార్డ్ చేసి, ఎక్కడ ఆగిపోయావో నువ్వే విను. ఆగిన చోటు మాత్రమే సార్‌ని అడుగు, రెండు నిమిషాలు దానికి సరిపోతాయి.

పరీక్ష ఫీజు సోమవారం వేస్తా. ఆ రికార్డు నాకూ పంపు, అర్థం కాకపోయినా వింటా.

మీ బాపు